ఖాస్రా నుంచి భూభారతి దాకా: నల్లగొండ, పాలమూరు భూముల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నికలొచ్చినా, పెండ్లి పందిట్లో నలుగురు కూర్చున్నా, మన దగ్గర మాట తిరిగి తిరిగి భూమి మీదికే వస్తుంది. ఏ సర్కారు ఇచ్చింది, ఏ సర్కారు గుంజుకుంది, ఎవరి పేరు ఎవరు కొట్టేశారు అని వాదన నడుస్తుంది. పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎక్కువగా వినబడే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాం. చరిత్రను, కాగితాన్ని విడదీయకుండా జవాబులు రాశాం. మీ సర్వే నంబర్ మీద నడుస్తున్న తగాదా చాలాసార్లు మీ తాత పుట్టకముందు వచ్చిన చట్టంతోనే మొదలై ఉంటుంది. కోర్టు కేసు ఉన్నవాళ్లు మాత్రం వకీలుతో మాట్లాడుకోవాల్సిందే.

నిజాం కాలంలో భూమి అంతా నిజాందేనా?

కాదు. హైదరాబాద్ రాజ్యంలో సుమారు 60 శాతం భూమి దివానీ కింద ఉండేది. అంటే సర్కారే నేరుగా శిస్తు వసూలు చేసే భూమి. దాదాపు 10 శాతం సర్ఫ్-ఎ-ఖాస్. దాని ఆదాయం నిజాం సొంత ఖర్చులకు పోయేది. మిగిలిన 30 శాతం జాగీర్దార్లు, సంస్థానాల కింద ఉండేది. పాలమూరులో సంస్థానాలు ఎక్కువ: గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలపేట. నల్లగొండలో దివానీ గ్రామాలపై దేశ్‌ముఖ్‌ల పట్టు ఎక్కువ. అందుకే రెండు జిల్లాల పాత కాగితాలు ఒక తీరుగా ఉండవు.

దేశ్‌ముఖ్‌లకు అన్ని వేల ఎకరాలు ఎట్లా వచ్చాయి?

మొదట్లో వాళ్లు శిస్తు వసూలు చేసిపెట్టేవాళ్లు. మొదటి సాలార్‌జంగ్ 19వ శతాబ్దంలో సంస్కరణలు తెచ్చి, జిల్లాలు ఏర్పరచి, వసూలు పనిని సర్కారు ఉద్యోగులకు అప్పగించాడు. దేశ్‌ముఖ్‌లకు ఏటా రుసుం ఇచ్చి పక్కన కూర్చోబెట్టాడు. అయితే లెక్కల పుస్తకాలు వాళ్ల ఇళ్లలోనే ఉండిపోయాయి. తర్వాత సర్వే, సెటిల్‌మెంట్ (భూమి కొలిచి శిస్తు ఖరారు చేయడం) జరిగినప్పుడు ఏ భూమి ఎవరి పేరున ఎక్కాలో చెప్పింది ఆ లెక్కలు తెలిసినవాళ్లే. తరతరాలుగా దున్నుకుంటున్న రైతుకు తన పొలం ఇంకొకరి పేరున పట్టా అయిందన్న సంగతే తెలియదు.

విసునూరు దేశ్‌ముఖ్‌కు 40 వేల ఎకరాలు ఉండేవని, సూర్యాపేట వైపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబానికి లక్షన్నర ఎకరాలని కమ్యూనిస్టు నాయకులు తమ చరిత్రల్లో రాశారు. అందులో కొంత ఎక్కువ తక్కువ ఉందనుకున్నా, ఒక్క మనిషి ఒక్క జీవితంలో దున్ని సంపాదించగలిగిన భూమి కాదది. ఆ భూమిని కూడబెట్టింది కలమే. ఈ పేజీలో మిగతా జవాబులు చదివేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తు పెట్టుకోండి: మన దగ్గర చట్టం రైతుకు అనుకూలంగా చాలాసార్లు మారింది, పుస్తకం రాసే చెయ్యి మాత్రం అంత తొందరగా మారలేదు.

సాయుధ పోరాటంలో పంచిన భూములు చివరికి ఎవరికి మిగిలాయి?

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలయ్యాడు. కడవెండి అప్పుడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. పాలకుర్తి చాకలి ఐలమ్మ తన పంటను గడీ (దొర కోట) మనుషులు ఎత్తుకుపోకుండా నిలబడింది కూడా ఆ రోజుల్లోనే. ఉద్యమం పెరిగాక సుమారు 3 వేల గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టు పార్టీ లెక్క చెబుతుంది. 1951 అక్టోబర్ 21న పోరాటాన్ని విరమించారు.

పంచిన భూమిలో చాలా భాగం పోలీసు చర్య (1948లో భారత సైన్యం రాక) తర్వాత తిరిగి దొరల చేతికి పోయింది. గడీలు వదిలి పట్నం పారిపోయినవాళ్లు సైన్యం వెనక ఊళ్లకు తిరిగొచ్చారు. కొన్నిచోట్ల మాత్రం రైతులు కదల్లేదు. అట్లాంటి ఊళ్లలో దొరలు గొడవెందుకని తక్కువ ధరకు తెల్లకాగితం మీద అమ్ముకుని వెళ్లిపోయారు. ఆ అమ్మకాలు రిజిస్ట్రేషన్ కాలేదు. పట్టా దొర పేరునే నడిచింది. నేటి సాదా బైనామా తగాదాల్లో కొన్నింటి మూలం అక్కడుంది.

పోరాటం ఓడిపోయిందా అంటే, జిల్లా జనం ఓటుతో వేరే జవాబు చెప్పారు. 1952 మొదటి సార్వత్రిక ఎన్నికల్లో నల్లగొండ నుంచి పోటీ చేసిన పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డికి 3 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. నెహ్రూకు వచ్చినవాటి కంటే ఎక్కువ.

సెప్టెంబర్ 17కూ నా భూమికీ ఏం సంబంధం?

నేరుగా ఏమీ లేదు. 1948 సెప్టెంబర్ 13న సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. అది విమోచనమా, విలీనమా, సమైక్యతా దినమా, ప్రజాపాలన దినమా అని పార్టీకొక పేరు పెట్టుకున్నాయి. పేరు మీద జరిగినంత చర్చ ఆ తర్వాత మూడేళ్లలో ఏ చట్టాలు వచ్చాయన్న దాని మీద జరగదు. రైతు వైపు నుంచి చూస్తే 1949 ఆగస్టు 15, 1950 జూన్ 10 తేదీలు అంతకంటే పెద్దవి. మొదటిది జాగీర్ల రద్దు, రెండోది కౌలుదారీ చట్టం. ఆ రెండు చట్టాల పేరున మాత్రం ఏ ఊళ్లోనూ జెండా ఎగరదు.

జాగీర్లు, సంస్థానాలు రద్దయ్యాక ఆ భూములేమయ్యాయి?

1949 ఫిబ్రవరిలో సర్ఫ్-ఎ-ఖాస్ దివానీలో కలిసింది. ఆగస్టులో జాగీర్లు పోయాయి. శిస్తు వసూలు చేసుకునే హక్కు పోయింది కాబట్టి జాగీర్దార్లకు పరిహారం ముట్టింది. దున్నేవాళ్లు సర్కారుకు నేరుగా శిస్తు కట్టే రైతులయ్యారు. అయితే జాగీర్దార్లు సొంత సాగు పేరుతో ఉంచుకున్న భూములు వాళ్లకే మిగిలాయి. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ కాలేజీ వచ్చింది కానీ, రాజుల కింద పనిచేసిన కుటుంబాలన్నింటికీ భూమి రాలేదు.

మా తాత రక్షిత కౌలుదారు అంటున్నారు. 38-ఇ సర్టిఫికెట్ అంటే ఏంటి?

ఈ ప్రశ్న అన్నింటికంటే ఎక్కువగా వస్తుంది, జవాబు కూడా కొంచెం పెద్దదే.

1950 హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం ప్రకారం, నిర్ణీత కాలంలో వరసగా ఆరేళ్లు ఒక భూమిని కౌలుకు దున్నినవాళ్లను రక్షిత కౌలుదారులుగా గుర్తించారు. ఊరూరా రిజిస్టర్ రాశారు. ఇష్టం వచ్చినప్పుడు వెళ్లగొట్టడానికి యజమానికి వీల్లేదు. యజమాని అమ్మదలిస్తే ముందు కౌలుదారునే అడగాలి. 1954లో, పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, చట్టాన్ని సవరించి 38-ఇ అనే సెక్షన్ చేర్చారు. సర్కారు నోటిఫై చేసిన తేదీ నుంచి, పరిమితికి లోబడి, ఆ భూమికి కౌలుదారే యజమాని అవుతాడని దాని సారాంశం. దేశంలోనే ధైర్యమైన చట్టాల్లో అదొకటి. చాలా జిల్లాల్లో ఆ నోటిఫికేషన్ 1973 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

చట్టం 1950లో వచ్చింది, యాజమాన్యం 1973లో వచ్చింది. మధ్య ఇరవై మూడేళ్లు దొరలకు దొరికాయి. ఆర్థికవేత్త ఎ.ఎం.ఖుస్రో 1950లలో హైదరాబాద్ రాష్ట్రంలో అధ్యయనం చేస్తే, 1951లో రక్షిత కౌలుదారులుగా రాసుకున్నవాళ్లలో కొద్ది ఏళ్లకే సగం కంటే తక్కువ మంది ఆ హోదాలో మిగిలారని తేలింది. ఐదో వంతుకు పైగా చట్టవిరుద్ధంగా వెళ్లగొట్టబడ్డారు. ఇంకొందరు ‘ఇష్టపూర్వకంగా’ వదులుకున్నారు. గడీ అరుగు మీద వేలిముద్ర వేసిన మనిషి ఇష్టం ఎంతో ఊహించుకోవడం కష్టమేమీ కాదు.

మీరు చూడాల్సినవి ఇవి: ఆనాటి రక్షిత కౌలుదారుల రిజిస్టర్‌లో మీ తాత పేరు ఉందా, 38-ఇ సర్టిఫికెట్ ఇచ్చారా, దాన్ని ఎవరైనా అప్పీలులో రద్దు చేయించారా. సర్టిఫికెట్ ఉండి రద్దు కాకపోతే, యజమాని మీద అది తిరుగులేని సాక్ష్యమని చట్టమే చెబుతుంది. పేరు రిజిస్టర్‌లో ఉండి సర్టిఫికెట్ లేకపోతే దారి పొడుగవుతుంది కానీ మూసుకుపోదు. మధ్యలో ఎవరో రిజిస్టర్డ్ దస్తావేజుతో కొన్నారని భయపెడితే వెంటనే సంతకం పెట్టకండి.

ఖాస్రా పహాణీ అని అందరూ ఎందుకంటారు? పాత కాగితాల్లో ఫస్లీ లెక్క ఎట్లా చదవాలి?

పహాణీ అంటే ఏ సర్వే నంబర్ ఎవరి పేరున ఉంది, ఎవరు దున్నుతున్నారు అని ఏటా రాసే ఊరి భూమి పుస్తకం. 1954-55లో తయారైన పహాణీని ఖాస్రా పహాణీ అంటాం. తర్వాత 1955-58 మూడేళ్లకు సేసాల పహాణీ వచ్చింది. జాగీర్లు పోయి, కౌలుదారీ చట్టం వచ్చి, కొత్త రాష్ట్రం ఏర్పడకముందు మోకా మీద (పొలంలో) ఎవరున్నారో చూసి రాసిన పుస్తకం కాబట్టి కోర్టుల్లోనూ ఖాస్రాకు బరువు ఎక్కువ. అంతకంటే వెనక్కి పోవాలంటే సేత్వార్ చూడాలి. అది సెటిల్‌మెంట్ కాలపు మూల రిజిస్టర్. చాలావరకు ఉర్దూలో ఉంటుంది కాబట్టి చదివించుకోవాలి.

ఫస్లీ అంటే నిజాం కాలపు శిస్తు సంవత్సరం లెక్క. ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. 1358 ఫస్లీ అంటే 1948-49. 1364 ఫస్లీ అంటే 1954-55, అంటే ఖాస్రా ఏడాది.

పహాణీ ఒక్కటే హక్కు పత్రం కాదు. అయినా ఏ ఏడాదిలో పేరు మారిందో పట్టించేది అదే. 1954-55 నుంచి ఏడాది తప్పకుండా తీయించి వరసగా పెట్టండి. పట్టాదారు కాలమ్, కాస్తు (సాగుదారు) కాలమ్ రెండూ చూడండి. పేరు మారిన ఏడాది దొరికిందంటే, ఆ మార్పుకు ఆధారంగా ఫౌతి (చనిపోయినవారి నుంచి వారసుల పేరుకు మార్పు) ఉందా, అమ్మకం ఉందా, కోర్టు ఉత్తర్వు ఉందా అని అడగొచ్చు. ఏ ఆధారమూ లేకుండా ఒక ఏడాది నుంచి ఇంకో ఏడాదికి పేరు మారిపోయిన పహాణీలు ప్రతి మండలంలో ఉన్నాయి. ‘నకలు రాసేటప్పుడు పొరపాటు జరిగింది’ అంటారు. ఆ పొరపాటు పేదవాడికి లాభంగా జరిగిన సందర్భాలు వెతికినా దొరకవు.

భూదానోద్యమం పోచంపల్లిలోనే ఎందుకు మొదలైంది?

1951లో వినోబా భావే శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వచ్చి, అక్కడి నుంచి నల్లగొండ పల్లెల్లోకి నడిచారు. పోరాటం ఇంకా ఆగని రోజులు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు తమకు 80 ఎకరాలు కావాలని అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. అక్కడి నుంచి వినోబా దేశమంతా నడిచారు.

ఉద్యమం గొప్పదే. అయితే నల్లగొండలో తుపాకులు మోగకపోయి ఉంటే ఆ పాదయాత్రకు అంత స్పందన వచ్చేదా అన్నది నా సందేహం. 1965లో భూదాన, గ్రామదాన చట్టం వచ్చింది, భూములు భూదాన బోర్డు చేతికి వెళ్లాయి. దానమిచ్చిన భూమిని అమ్మడానికి వీల్లేదు. హైదరాబాద్ చుట్టూ ధరలు పెరిగాక ఆ భూముల మీద కన్ను పడింది, అమ్మకాలూ జరిగాయి. మీరు కొనబోయే ప్లాటు భువనగిరి, చౌటుప్పల్ వైపు ఉంటే ఆ సర్వే నంబర్ భూదాన జాబితాలో ఉందేమో ముందే చూసుకోండి.

పెద్దమనుషుల ఒప్పందంలో భూమి గురించి ఏమైనా ఉందా?

ఉంది, చాలామందికి తెలియదు. ఆంధ్ర, తెలంగాణ నాయకులు 1956 ఫిబ్రవరి 20న చేసుకున్న ఆ ఒప్పందం అనగానే ఉద్యోగాలు, మిగులు నిధులు, ఉప ముఖ్యమంత్రి పదవి గుర్తుకొస్తాయి. తెలంగాణలో వ్యవసాయ భూముల అమ్మకాలపై ప్రాంతీయ మండలికి అదుపు ఉండాలనీ అందులో రాసుకున్నారు. కౌలుదారీ చట్టం 47వ సెక్షన్ ప్రకారం భూమి అమ్మాలంటే అప్పటికే అధికారి అనుమతి కావాలి. ఆ సెక్షన్‌ను 1969 మార్చిలో తీసేశారు. అది తెలంగాణ ఉద్యమం వీధుల్లో ఉన్న ఏడాది. కాలేజీల్లో ఉద్యోగాల కోసం కొట్లాట నడుస్తుంటే, భూమికి ఉన్న కంచె చడీచప్పుడు లేకుండా పోయింది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద భూములకు గిరాకీ పెరగబోతున్న సమయం కూడా అదే.

1969 మార్చికి ముందు అనుమతి లేకుండా జరిగిన అమ్మకం మీద ఈనాటికీ తగాదాలు లేస్తుంటాయి. పాత దస్తావేజు తేదీ చూసేటప్పుడు ఇది మర్చిపోవద్దు.

ల్యాండ్ సీలింగ్ వల్ల మన జిల్లాల్లో భూమి పంచారా?

పంచారు, అనుకున్నంత కాదు. పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా తెచ్చిన చట్టం అది. 1973 నాటి ఒకటో నంబర్ చట్టం, 1975 జనవరి 1 నుంచి అమలు. ఒక కుటుంబానికి తరి (నీటి వసతి ఉన్న భూమి) అయితే 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి (మెట్ట) అయితే 35 నుంచి 54 ఎకరాల వరకు నేల రకాన్ని బట్టి పరిమితి. చట్టం వస్తుందని ముందే తెలుసు కాబట్టి పంపకాలు, బినామీ రాతలు ముందే అయిపోయాయి. సీలింగ్‌లో అప్పగించిన భూమి కూడా ఎక్కువగా రాళ్లు, గుట్టలు.

మాది లావణి పట్టా. అమ్ముకోవచ్చా?

లావణి పట్టా అంటే సర్కారు భూమిని సాగుకు ఇస్తూ రాసిన పట్టా. దాని మీద తేదీ చూడండి. తెలంగాణలో ప్రభుత్వ భూమి అసైన్‌మెంట్‌కు 1958 జూలై 25న జీవో 1406 వచ్చింది. అమ్మకూడదన్న షరతు అక్కడి నుంచే పెట్టారు. అంతకుముందు లావణి నిబంధనల కింద ఇచ్చిన పట్టాల్లో సాధారణంగా ఆ షరతు లేదు. 1958 తర్వాత అమ్మరాదనే షరతుతో పేదలకు ఇచ్చిన భూమికి 1977 నాటి 9వ నంబర్ చట్టం వర్తిస్తుంది. అమ్మినా, కొన్నా చెల్లదు. సర్కారు వెనక్కి తీసుకోవచ్చు. తండ్రి నుంచి కొడుకుకు, బిడ్డకు వారసత్వంగా రావచ్చు.

ప్రాజెక్టుకో, ఫ్యాక్టరీకో అసైన్డ్ భూమి తీసుకున్నప్పుడు ‘సర్కారు భూమే కదా’ అని పరిహారం తగ్గించేవాళ్లు. 2004లో హైకోర్టు పెద్ద బెంచి దాన్ని ఒప్పుకోలేదు. పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలంది.

ఇనాం భూమి దున్నుకుంటున్నాం. పట్టా ఎందుకు రావడం లేదు?

ఇనాం అంటే సేవకో, గుడికో, మసీదుకో పాలకులు మాన్యంగా ఇచ్చిన భూమి. మీకు కావాల్సింది ముందు ఓఆర్సీ, అంటే ఆక్యుపెన్సీ రైట్స్ సర్టిఫికెట్. ఇనాముల రద్దు చట్టం 1955లో వచ్చింది, పూర్తిగా అమల్లోకి వచ్చింది 1973 నవంబర్ 1న. ఆ రోజు మోకా మీద ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న. దాన్ని తేల్చేది ఆర్డీవో. 1973-74 పహాణీ, శిస్తు రశీదులు పట్టుకుని అక్కడికే దరఖాస్తు పెట్టాలి. దేవుడి పేరున, మసీదు పేరున ఉన్న ఇనాముల సంగతి వేరే. వాటికి దేవాదాయ, వక్ఫ్ చట్టాలు అడ్డమొస్తాయి.

పటేల్, పట్వారీలను తీసేశాక రికార్డులు బాగుపడ్డాయా?

1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి. ఊళ్లో పట్వారీ ముందు రైతు చేతులు కట్టుకుని నిలబడే పద్ధతికి దెబ్బ తగిలింది. అది చిన్న విషయం కాదు. రికార్డుకు మాత్రం ఇబ్బందే వచ్చింది. చాలామంది పట్వారీలు పుస్తకాలు అప్పగించలేదు, కొన్ని మాయమయ్యాయి, కొన్నింటికి తర్వాత కొత్త పేజీలు కలిశాయి. 1980ల మొదట్లో పహాణీలు దొరకడం లేదని ఆఫీసులో చెబితే అది అబద్ధమే కానక్కరలేదు. ఆ తర్వాత వాళ్ల పనికి వీఏవోలు, వీఆర్వోలు అనే గ్రామ ఉద్యోగులు వచ్చారు. 2020లో వాళ్లనూ తీసేశారు. 2025 సెప్టెంబర్‌లో గ్రామ పాలన అధికారులు అనే పేరుతో మళ్లీ ఊరికొక మనిషిని పెట్టడం మొదలుపెట్టారు.

సాదా బైనామాకు ఇప్పుడు పట్టా వస్తుందా?

2014 జూన్ 2కు ముందు తెల్లకాగితం మీద కొని, 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 లోపు దరఖాస్తు పెట్టినవాళ్లకు దారి ఉంది. అదీ సన్న, చిన్నకారు రైతులకు. అప్పుడు దరఖాస్తులు తీసుకుంటుండగానే పాత 1971 ఆర్వోఆర్ (భూమి హక్కుల రికార్డు) చట్టం పోయి కొత్తది వచ్చింది, కొత్తదాంట్లో సాదా బైనామా మాటే లేదు. దాంతో హైకోర్టు ఆపింది. లక్షల దరఖాస్తులు దాదాపు ఐదేళ్లు మూలన పడ్డాయి. భూభారతి చట్టంలో ఆ నిబంధన పెట్టాక, 2025లో కోర్టు అడ్డంకి తొలగింది.

దరఖాస్తు రశీదు వెతికి పెట్టుకోండి. సాగులో ఉన్నట్టు పాత పహాణీలు, పక్క పొలాల వాళ్ల మాట అవసరం పడతాయి. అమ్మినవాళ్ల వారసులకు నోటీసు పోతుంది. చిక్కు అక్కడే వస్తుంది. తాత ముప్పై ఏళ్ల కింద ఎకరానికి కొన్ని వేలకు అమ్మిన పొలం ఇప్పుడు లక్షల్లో ఉంటే, మనవడికి ఆ అమ్మకం గుర్తుండదు.

మేం బొంబాయిలో, పూణేలో పనిచేసిన రోజుల్లో మా పేరు పోయింది. ఏం చేయాలి?

పాలమూరుకు ఇది ప్రత్యేకమైన బాధ. దేశంలో పెద్ద డ్యాములు కట్టిన చేతుల్లో పాలమూరు లేబర్ చేతులున్నాయి. రికార్డు సరిచేసే కార్యక్రమం వచ్చినప్పుడల్లా ఆ కుటుంబాలు ఊళ్లో లేవు. 2017 సెప్టెంబర్‌లో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనలోనూ అదే జరిగింది. వంద రోజుల్లో ముగించాలన్న తొందర, ఇంటికి తాళం, పక్కవాడు చెప్పిందే రాత. ఊళ్లో ముసలివాళ్లు ఉన్నా వాళ్లకు ఏ కాగితం చూపాలో తెలియదు.

ప్రక్షాళనకు ముందు ఏడాది, అంటే 2016-17 పహాణీ నకలు ముందు తీసుకోండి. అందులో పేరు ఉండి కొత్త పాసుబుక్‌లో లేకపోతే సవరణకు దరఖాస్తు బలంగా ఉంటుంది. పాత పట్టాదారు పాసుబుక్, టైటిల్ డీడ్ పారేయకండి. బ్యాంకులో క్రాప్ లోన్ తీసుకుని ఉంటే అక్కడి ఫైల్‌లో నకళ్లు దొరుకుతాయి.

ధరణి పోయి భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారడం తప్ప తేడా ఏంటి?

ధరణి 2020 అక్టోబర్ 29న వచ్చింది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఒకే రోజు, ఒకే చోట కావడం దాని మంచి. రికార్డు తప్పుగా ఉన్నవాడికి మాత్రం ఎటూ పోలేని పరిస్థితి. తహసీల్దారు చేతిలో అధికారం లేదు, పై ఆఫీసుకు అప్పీలు లేదు, గట్టిగా అడిగితే సివిల్ కోర్టుకు పొమ్మనేవాళ్లు. రెండెకరాల రైతు సివిల్ కోర్టులో పదేళ్లు ఎట్లా నిలబడతాడు? తప్పును తొందరగా కంప్యూటర్‌లోకి ఎక్కించారు, దింపే దారి పెట్టలేదు.

భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లో ఉంది. ముందు నాలుగు మండలాల్లో ప్రయోగం చేశారు, వాటిలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. తహసీల్దారు, ఆర్డీవో, కలెక్టర్ అంచెల్లో అప్పీలు దారి మళ్లీ వచ్చింది. అమ్మకం సమయంలో సర్వే నక్షా జతచేయాలని, ప్రతి కమతానికి భూధార్ నంబర్ ఇవ్వాలని చట్టంలో ఉంది. చట్టం మేలే. సర్వేయర్ల కొరత తీరకుండా నక్షా నిబంధన ఎట్లా నడుస్తుందన్నది చూడాలి.

కౌలు రైతుకు ఏ కాగితమూ ఉండదా?

2011లో ఉమ్మడి రాష్ట్రంలో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. తెలంగాణలో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2018 మే 10న మొదలైన రైతుబంధు పట్టాదారుకే పోయింది. పేరు ఉన్నవాడు హైదరాబాద్‌లో ఉన్నా ఖాతాలో డబ్బు పడింది, పత్తి పెట్టి నష్టపోయిన కౌలుదారుకు రాలేదు. 2025లో రైతుభరోసా పేరుతో ఏడాదికి ఎకరానికి 12 వేలు చేశారు, అదీ పట్టా లెక్కనే. 1950లో కౌలుదారుకు దేశానికే ఆదర్శమైన చట్టం తెచ్చిన గడ్డ మీద ఈనాటి కౌలుదారుకు రశీదు ముక్క లేదు. కౌలుదారును రాస్తే భూమి పోతుందన్న భయం యజమానులకు ఆ చట్టం నుంచే వచ్చిందని కొందరంటారు. ఆ వాదనలో కొంత నిజముంది. అందుకని ఇప్పుడు పంట దున్నేవాణ్ని లేనట్టు చూడటం సరికాదు.

పెండ్లయిన ఆడబిడ్డకు తాతల భూమిలో భాగం ఉందా?

ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ 5 నుంచే బిడ్డకు కొడుకుతో సమాన హక్కు ఇచ్చారు. అయితే ఆ తేదీకి ముందు పెండ్లయినవాళ్లకు వర్తించలేదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ తేడా తీసేసింది. ఆనాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరై జరిగిన పంపకాలను మాత్రం తిరగదోడలేరు. ‘కట్నం ఇచ్చినం కదా’ అనేది చట్టంలో జవాబు కాదు.

ప్రాజెక్టులో భూమి పోయింది, ఇంకా బాకీ ఉందంటారు. నిజమేనా?

చాలామంది విషయంలో నిజమే. శ్రీశైలం జలాశయం 1981లో నిండినప్పుడు కొల్లాపూర్, అలంపూర్ వైపు ఊళ్లకు ఊళ్లు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపూర్‌లో మళ్లీ కట్టారు. మనుషులకు అంత జాగ్రత్త దొరకలేదు. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో జీవో 98 తెచ్చారు. ఆ ఉద్యోగాల కోసం రెండో తరం కూడా ఆఫీసుల చుట్టూ తిరిగింది. 2014 జనవరి 1 నుంచి కొత్త భూసేకరణ చట్టం అమల్లో ఉంది. పరిహారంతోపాటు పునరావాసం కూడా అందులో హక్కు. 2015లో జీవో 123 పేరుతో నేరుగా కొనే పద్ధతి తెస్తే అది కోర్టు దాకా పోయింది. నోటీసు వస్తే అది ఏ చట్టం కింద వచ్చిందో ముందు చదవండి.

నల్లమలలో పోడు చేసుకుంటున్నవాళ్లకు?

2006 అటవీ హక్కుల చట్టం వర్తిస్తుంది. గిరిజనులైతే 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉండాలి. గిరిజనేతరులు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు చూపాలి. గరిష్ఠంగా 4 హెక్టార్లు. దరఖాస్తు గ్రామసభ నుంచే మొదలవ్వాలి, ఫారెస్ట్ ఆఫీసు నుంచి కాదు.

జిల్లాలు మారిపోయాయి. పాత కాగితాలు ఎక్కడ అడగాలి?

2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాయి, 2019లో నారాయణపేట వచ్చింది. పహాణీలకు ముందు మీ తహసీల్దారు ఆఫీసు. అక్కడ లేవంటే పాత తాలూకా కేంద్రం ఎక్కడో గుర్తుచేసుకుని అక్కడ అడగండి. సేత్వార్, టిపన్ (పొలం కొలతల కాగితం) కోసం జిల్లా సర్వే, భూరికార్డుల ఆఫీసు. అక్కడ దొరక్కపోతే హైదరాబాద్ నారాయణగూడలోని సర్వే కార్యాలయం. నిజాం నాటి ఫర్మానాలు, జాగీరు దస్తావేజుల కోసం తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు పోవాలి.

లేవు అని నోటితో చెబితే వదలకండి, సమాచార హక్కు కింద రాసి అడగండి. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10, తెల్లకార్డు వాళ్లకు ఉచితం. జవాబుకు గడువు 30 రోజులు. రికార్డు లేదని రాతపూర్వకంగా ఇచ్చినా తీసుకోండి. రేపు అదే సర్వే నంబర్ మీద అవతలివాళ్లు అదే ఏడాది పహాణీ పట్టుకొస్తే, ఆ కాగితమే మీ మొదటి ప్రశ్న అవుతుంది.